ఆ దసరాకు జీపుకు వేసిన రంగు

వేడెక్కిన రబ్బరు బెల్టు వాసనకు కొత్తగా ఆరిన రంగు వాసన తోడైతే పుట్టే ఘాటు ఒకటి ఉంటుంది. మొన్న కార్తీకంలో, కోరుట్ల దారిలో మా మేనమామ కూతురు సుజాత నడుపుతున్న ఫంక్షన్ హాల్లో, నడవలేని పెద్దవాళ్ళను గేటు నుంచి మండపం దాకా చేరవేసే పెట్రోలు గోల్ఫ్ బండి సీటు పైకెత్తగానే ఆ ఘాటు నా ముఖానికి కొట్టింది. "బ్యాటరీ కూసున్నది వదినా. కొత్తది ఏస్తే గది గూడ కూసున్నది" అంది సుజాత. ఆమె తల్లి, మా అత్తమ్మ, పక్కనే కుర్చీలో కూర్చొని చూస్తోంది.

బండ్ల కరెంటు పని తెలిసినదాన్నని నన్ను పిలిచింది. ఏ పనైనా వరుస తప్పకుండా చేయడం నా స్వభావం కాబట్టి ముందు మీటరు పెట్టి చూశాను. ఇంజను ఆగి ఉన్నప్పుడు పన్నెండు ఓల్టులకు లోపే. వేరే బ్యాటరీ ఆసరాతో ఇంజనును లేపి తిప్పినప్పుడు పద్నాలుగు దాకా పోవలసినది అక్కడి నుంచి కదలలేదు. అంటే తప్పు బ్యాటరీది కాదు, దానికి తిండి అందడం లేదు. ఈ బండిలో ఇంజనును లేపేదీ, లేచిన తర్వాత బ్యాటరీని నింపేదీ ఒకే యంత్రం. దాన్ని ఇంజనుతో కలిపేది ఒక్క బెల్టు. బెల్టు వదులుగా ఉంటే బిగించాను, తుప్పు పట్టిన తీగల కొసలను గీకాను, అయినా అంకె పెరగలేదు. తీగ వెంబడి వెళ్తే ఛాసిస్‌కు బిగించిన, బ్యాటరీకి అందే కరెంటును అదుపు చేసే రెగ్యులేటర్ పెట్టె దగ్గర తేలాను. పెట్టె, దాని కింది ఇనుము, రెండూ వెండిరంగుతో తళతళలాడుతున్నాయి. పెండ్లిళ్ళ సీజను ముందర పెయింటరు అన్నీ విప్పి రంగువేసి మళ్ళీ బిగించాడని సుజాత సంబరంగా చెప్పింది. ఆ వెండిరంగు చూడగానే నాకు మామ జీపు గుర్తొచ్చింది.

నా చిన్ననాటి దసరా సెలవులన్నీ వీర్నపల్లిలో మా మామ ఇంట్లోనే గడిచాయి. ఆ తేదీలు నా దగ్గర లేవు, డైరీ రాయడం నేను చాలా తర్వాత మొదలుపెట్టాను. కానీ తంగేడు పూలు కోసిన చేతులకు అంటే పచ్చివాసన, గునుగు పూలకు రంగులద్దిన గిన్నెల అడుగున మిగిలే గులాబీ నీళ్ళు, జొన్నరొట్టెలను వేడివేడిగా బెల్లంతో పిసికి అత్తమ్మ చేసే మలీద ముద్దలు, నిప్పుల మీద చిటపటలాడే మక్క కంకులు, ఇవన్నీ నిన్న రాసుకున్నట్టే ఉన్నాయి. పొద్దూకితే బతుకమ్మ చుట్టూ ఆడవాళ్ళ చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య ఎల్లారెడ్డిపేట నుంచి చివరి ట్రిప్పు ముగించుకొని వచ్చే మామ జీపు హారను.

మామ దుబాయిలో నీళ్ళ ట్యాంకరు నడిపి, తిరిగి వచ్చి, ఎల్లారెడ్డిపేట దారిన ప్రయాణికులను తిప్పడానికి ఆ పాత జీపు కొన్నాడు. ఆయన వచ్చిన రోజు మూడేళ్ళ సుజాత తండ్రిని గుర్తుపట్టక ధాన్యపు గుమ్మి వెనక దాక్కుందట. నేను వెళ్ళేనాటికి మాత్రం జీపు ముందుసీట్లో కూర్చోబెట్టకపోతే అన్నం ముట్టనని మొండికేసేది. ఈ మార్పును అత్తమ్మ ఎంత మురిపెంగా చూసుకునేదో ఆ వయసులో నాక్కూడా తెలిసేది.

మా వైపు దసరాకు ఆయుధపూజ అంటే బండికి పైపైన బొట్టు పెట్టి ఊరుకోవడం కాదు; నాగలి కర్రు దగ్గర నుంచి కుట్టుమిషను దాకా విప్పగలిగినదంతా విప్పి, కడిగి, తుడిచి, మళ్ళీ బిగించి అప్పుడు పసుపుకుంకుమలు పెట్టడం. ఆ ఏడు మామ జీపు బానెట్ కింది సామాన్లన్నీ విప్పి వాకిట్లో గోనెపట్టా మీద పరిస్తే, అత్తమ్మ కొంగు నడుముకు చెక్కి, గేటుకు వేయగా మిగిలిన వెండిరంగు డబ్బా తెచ్చుకొని ఒక్కొక్కటే ఒడిలో బిడ్డను తిప్పినట్టు తిప్పుతూ రంగు పూసింది. బ్యాటరీని నింపే డైనమో ఎంత కరెంటు ఇవ్వాలో చూసుకునే చిన్న రేకు పెట్టెను కటౌట్ అనేవారు; దానికి వెనకవైపు కూడా వదలకుండా రెండుసార్లు పూసింది. కనపడని దానికి ఎందుకని అడిగితే, దేవునికి కనపడదా అంది.

పండుగ తెల్లవారి నుంచి స్టీరింగు ముందరి ఎర్రదీపం ఆరలేదు. ఇంజను తిరుగుతుంటే ఆరిపోవలసిన దీపం అది. పొద్దున స్టార్టర్ నొక్కితే టిక్కుమని ఊరుకునేది, ప్రయాణికులే దిగి నూకాలి. "పైసలు గుంజుకోని నూకిపిస్తున్నవు గదరా" అనేవాడు రుద్రంగిలో బిడ్డనిచ్చిన ఓ ముసలాయన, "ఎములాడ గుడి దాక నూకుమను, మొక్కన్న తీరుతది." బ్యాటరీ కూసున్నదని ఒకరు అంటే ఊరంతా అదే మాట అన్నారు. ఆ మాటలోనే మోసం ఉంది. కూర్చున్నదాన్ని లేపాలని అందరూ చూశారు గానీ, దానికి అన్నం ఎవరు పెడుతున్నారని అడిగినవారు లేరు. మామ బ్యాటరీని సైకిలుకు కట్టుకొని సిరిసిల్ల తీసుకుపోయి ఛార్జింగు పెట్టించాడు, తర్వాత కొత్తది తెచ్చాడు. అదీ కూర్చుంది.

అంతలో జగిత్యాల ఏజెంటు నుంచి కబురు వచ్చింది, దుబాయిలో పాత కంపెనీలోనే వీసా ఉంది, దీపావళిలోగా చెప్పమని. అన్నం తింటూ మామ నెమ్మదిగా అన్నాడు: "ఈ బండి నాతోని గాదు. అమ్మేసి పోత." అత్తమ్మ వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే ఆగింది.

"పిల్ల ఇప్పుడిప్పుడే బాపు అంటున్నది. మళ్ల పోతే మళ్ల మర్చిపోతది" అంది, తల ఎత్తకుండా.

 మర్నాడు అత్తమ్మ చెలకలో పనికి పోయాక మామ, కొనేవాళ్ళు చూడటానికి వస్తారని బానెట్ ఎత్తి తుడుస్తున్నాడు. ఏం తోచిందో, ఒక బల్బుకు రెండు తీగలు కట్టి, ఒక కొస బ్యాటరీకి ఆనించి రెండోది జీపు ఇనుముకు తాకిస్తే బల్బు వెలిగింది. అదే కొసను కటౌట్ పెట్టెకు తాకిస్తే వెలగలేదు. పెట్టె జీపుకు బిగించే ఉంది, కానీ నడుమ రంగు పొర అడ్డం పడి ఇనుము ఇనుమును తాకడం లేదు, కరెంటుకు తిరుగుదారి దొరకడం లేదు. ఆయన పెట్టె విప్పి వెనకవైపు తళతళను చాలాసేపు చూశాడు. తర్వాత కత్తితో గీకి బిగించి, నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, జీపును నాలుగడుగులు నూకి, నా చేత క్లచ్ వదిలించి లేపాడు. ఇంజను హోరెత్తగానే ఎర్రదీపం ఆరిపోయింది.

"మీ అత్తమ్మకు ఈ ముచ్చట చెప్పకు బిడ్డా" అన్నాడు మామ. సాయంత్రం ఆమె అడిగితే ఒక తీగె ఊడింది, పెట్టిన అన్నాడు. జగిత్యాలకు వెళ్ళలేదు. ఆ జీపు తర్వాత ఎన్నో దసరాలు చూసింది.

ఇప్పుడు దసరాకు ఎవరూ బానెట్ కింద ఏమీ విప్పరు. విప్పడానికి వీలు లేకుండానే బండ్లు వస్తున్నాయి, నిమ్మకాయలూ బంతిదండా బయటి నుంచే సరిపోతాయి. ఎల్లారెడ్డిపేట దారిన నూకే జీపులు లేవు, మలీద ముద్దలు ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్ముతున్నారు, మామ పోయి ఏళ్ళయింది. ఫంక్షన్ హాల్లో ఆ రోజు నేను రెగ్యులేటర్ కింది రంగు గీకి బిగించాను. మీటరు పద్నాలుగు చూపింది. పక్కన కుర్చీలో కూర్చొని ఇదంతా చూస్తున్న అత్తమ్మ, ఇన్నేళ్ళకు నేనేమీ చెప్పకముందే నోరు విప్పింది.

"ఆనాడు మీ మామ తీగె ఊడిందన్నడు. గోర్ల సందుల నేనేసిన రంగు పెట్టుకోని అన్నడు."

తెలిసీ ఎందుకు అడగలేదన్నాను.

"ఎందుకడుగుత బిడ్డా," అంది అత్తమ్మ. "పోవాల్ననుకున్నోడైతే నిజమే చెప్పి, తప్పు నా మీదేసి పోతుండె."