భారతీదేవి అడిగిన ఇరవై ప్రశ్నలు

భారతీదేవి ఏ ఇంటికి వెళ్లినా కుర్చీలో కూర్చోకముందే ఒక మాట చెప్పేది. ఈమధ్య మీ దగ్గరికి కౌన్సెలింగ్ చేసే మేడమ్ వచ్చిందో లేదో నాకు మాత్రం చెప్పకండి అని. మంచినీళ్ల గ్లాసుతో ఎదురొచ్చిన ఆడవాళ్లు ఆ మాట విని తెల్లబోయేవాళ్లు. పని మీద వచ్చిన మనిషి ఫలానాది చెప్పమని అడుగుతుంది గానీ, చెప్పొద్దని ముందే బతిమాలుకోవడమేమిటో వాళ్లకు బోధపడేది కాదు. నిజానికి మొదట్లో భారతీదేవికీ బోధపడలేదు.

ఆమెకు యాభై ఏళ్లు. జగ్గయ్యపేటలో భర్త కుటుంబరావుకి టార్పాలిన్ పట్టాలు, తాళ్లు, గోనెసంచులు అమ్మే కొట్టుంది. ఆమె పన్నెండేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పింది. కరోనా ఏడాది ఆ స్కూలు మూతపడ్డాక మూడేళ్లు ఇంట్లోనే ఉండిపోయింది. పాత హెడ్‌మిస్ట్రెస్ ఒకరోజు ఫోన్ చేసి, హైవే మీద ప్రమాదాల నుంచి బతికి బయటపడ్డవాళ్ల గురించి విజయవాడ నుంచి ఒక డాక్టరమ్మ రిసెర్చ్ చేస్తోందనీ, ఇళ్లకు వెళ్లి నెమ్మదిగా మాట్లాడి, చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చే మనుషులు కావాలనీ చెప్పింది. భారతీదేవి ఆలోచించుకుంటానని కూడా అనకుండా ఒప్పేసుకుంది. ఎందుకొప్పుకున్నావని కుటుంబరావు అడిగితే ఖాళీగా ఉండలేక అంది. అది అబద్ధం కాదు. అలాగని అదే నిజమని కూడా ఆమెకు అనిపించలేదు.

ట్రైనింగ్ నందిగామలో, ఒక మెడికల్ షాపు మేడ మీద అద్దెకు తీసుకున్న హాల్లో నాలుగు రోజులు జరిగింది. ఆ డాక్టర్ పేరు నీరజ. ముప్పై అయిదేళ్లకు మించి ఉండవు. బోర్డు మీద రెండు గళ్లు గీసి అసలు సంగతి చెప్పింది. ప్రమాదం జరిగి నెలలు గడిచినా రోడ్డెక్కలేనివాళ్లు, నిద్ర కరువైనవాళ్లు, అదే కళ్లముందు తిరుగుతున్నవాళ్లు నూట ఇరవై మందిని తీసుకుంటారు. సగం మందికి వారానికో గంట చొప్పున అయిదు వారాలు కౌన్సెలింగ్. జరిగినదాన్ని మొదటినుంచి చివరిదాకా చెప్పించడం, రాయించడం, మళ్లీ చెప్పించడం. మిగతా సగం మందికి వారానికోసారి ఫోన్ చేసి బాగోగులు అడుగుతారు, అంతే. వాళ్లకు కౌన్సెలింగ్ ఆర్నెల్ల తర్వాత. ఎవరు ఏ గడిలో పడాలన్నది కంప్యూటరు చీటీ తీసినట్టు తేలుస్తుంది. ప్రశ్నలడిగేవాళ్లకు అది తెలియకూడదు. తెలిస్తే, ఫలానావాళ్లకు తగ్గే ఉంటుందన్న నమ్మకం అడిగే గొంతులోకి వచ్చేస్తుందని నీరజ చెప్పింది.

ప్రశ్నలు ఇరవై. ఒక్కోదానికి అస్సలు లేదు నుంచి విపరీతం దాకా అయిదు జవాబులు, సున్నా నుంచి నాలుగు దాకా అంకెలు. అన్నీ కూడితే ఎనభైకి ఎంతో వస్తుంది. ముప్పై మూడు దాటితే ఆ మనిషిని లోపలికి తీసుకోవచ్చు.

మూడో రోజు ఇద్దరిద్దరు కూర్చుని ఒకరినొకరు అడగమన్నారు. జవాబులు కల్పించి చెప్పొచ్చన్నారు. కంచికచర్లలో నర్సుగా చేసే జాయిస్ అడుగుతుంటే భారతీదేవి చెప్తూ పోయింది. ఆ సంఘటన తలుచుకోకుండా తప్పించుకుంటారా? చాలా. ఉన్నట్టుండి చప్పుడైతే ఉలిక్కిపడతారా? చాలా. దగ్గరివాళ్లు కూడా దూరమైనట్టు అనిపిస్తుందా? ఓ మోస్తరు. చివర కూడితే నలభై ఒకటి తేలింది. భలే నటించారండీ అని జాయిస్ నవ్వింది. భారతీదేవి కూడా నవ్వింది.

ఆమె నటించలేదు. పెళ్లయిన రెండో ఏడు, ఇరవై రెండేళ్ల కిందట, కీసర దగ్గర కుటుంబరావు నడుపుతున్న స్కూటర్‌ని వెనకనుంచి లారీ తగిలింది. ఆమె లారీ కిందికి, చక్రాల మధ్యకి పోయింది. లారీ ఆగింది. మోచెయ్యి గీరుకోవడం తప్ప ఏమీ కాలేదు. ఊరంతా అదృష్టమంటే నీదన్నారు, అత్తగారు గుళ్లో అభిషేకం చేయించింది. దెబ్బ తగలని మనిషికి భయపడే హక్కు లేదన్నట్టు, ఆ మాట మళ్లీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చోకపోవడం, ఇంట్లో గిన్నె కింద పడితే గుండె దడదడలాడడం తన స్వభావమనుకుంటూ వచ్చింది. ఇప్పుడు దానికో అంకె ఉందని తెలిసింది. అది జబ్బా, స్వభావమా, లేక ఎవరిని అడిగినా అంతే వస్తుందా? ఎవర్నడగాలో తెలియక ఊరుకుంది.

ఆమెకిచ్చిన మనుషుల్లో చిల్లకల్లు బసవయ్య ఒకడు. అరవై దాటిన మిరప రైతు. కూలీలను పొలం నుంచి ట్రాక్టర్‌లో తీసుకొస్తుంటే హైవే దాటేచోట లారీ వెనకనుంచి గుద్దింది. ట్రాక్టర్ వెనక ట్రక్కులో కూర్చున్న పొరుగింటి కోడలు చనిపోయింది. బసవయ్య ఏడు నెలలుగా హైవే అవతలున్న సొంత పొలానికి వెళ్లలేదు. బావమరిది చూసుకుంటున్నాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు అతను వసారాలో గోడకానుకుని కూర్చుని, ఆమె మొహం వంక చూడకుండా జవాబులు చెప్పాడు. తప్పించుకు తిరగడం, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం విపరీతం. ఉలికిపాటు లేదు, ఏడుపు రాదు, జరిగినదాంట్లో నా తప్పుందనిపించదు. ముప్పై ఆరు వచ్చింది.

మూడు నెలల తర్వాత వెళ్తే మనిషి ఇంట్లో లేడు. పొలానికెళ్లాడని భార్య చెప్పింది. అరగంటకి వచ్చాడు, కాళ్లకు మట్టితో. గడ్డం గీసుకున్నాడు. ఆమెను చూసి పలకరింపుగా నవ్వాడు. తగ్గిపోయిందని ఆమె మనసులో అనేసుకుంది. ఆ వెంటనే అలా అనుకోకూడదని గుర్తొచ్చి, గొంతు సవరించుకుని మొదటి ప్రశ్న అడిగింది.

పదో ప్రశ్న దగ్గర, జరిగినదానికి మిమ్మల్ని మీరు తప్పుపట్టుకుంటున్నారా అంటే, బసవయ్య తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"ఆ రోజు ఇంకో రెండు సాళ్లున్నాయి, కోసేసి పోదామని నేనే ఆపానమ్మా. పెందలాడే బయల్దేరితే ఆ లారీ మా వెనక ఉండేదే కాదు గదా."

రోడ్డు దాటిన ప్రతిసారీ వణుకొస్తోందన్నాడు. కల వస్తోందన్నాడు. చప్పుడుకు ఉలిక్కిపడుతున్నానన్నాడు. ఆమె రాసి కూడింది. నలభై ఏడు. మళ్లీ కూడింది. అంతే. ఇప్పుడెలా ఉందండీ అని, ఫారంలో లేని ప్రశ్న ఒకటి నోరుజారి అడిగేసింది.

"ఇప్పుడు బాగుందమ్మా," అన్నాడు బసవయ్య.

ఆ వారమే నందిగామలో ఉషశ్రీ ఇంటికి వెళ్లింది. ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి. కీసర టోల్‌గేటు దాటాక ఆటో బోల్తాపడి బయటపడింది. మొదటిసారి నలభై అయిదు వచ్చిన ఆ అమ్మాయి ఈసారి ప్రశ్న పూర్తికాకముందే లేదండీ, లేదండీ అంటూ వచ్చింది. అత్తగారు వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. బయట బస్సు హారన్ మోగితే ఉషశ్రీ చేతిలోని టీ సాసర్లోకి తొణికింది. ఉలిక్కిపడతారా అన్న ప్రశ్నకు కూడా లేదనే చెప్పింది. భారతీదేవి సున్నా రాసింది. మొత్తం ఆరు.

బస్టాండులో కూర్చుని రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుంది. బాగుపడ్డవాడికి పెరిగింది, బాగుపడని పిల్లకి పడిపోయింది. తానే తప్పు అడిగిందేమోనని భయం వేసింది. నీరజకు ఫోన్ చేసి, పేర్లు చెప్పకుండా సంగతి చెప్పింది. నీరజ ఓపిగ్గా విన్నది. ఒక్కొక్కరి అంకె అలాగే ఉంటుందనీ, అన్నిటినుంచీ దూరంగా పారిపోయిన మనిషికి భయం కూడా దూరంగానే ఉంటుందనీ, దగ్గరికి వెళ్తే కొన్నాళ్లు పెరగొచ్చనీ చెప్పింది. దాచిపెట్టేవాళ్లు రెండు గుంపుల్లోనూ ఉంటారు కాబట్టి నూట ఇరవై మందిని కలిపి చూస్తేనే ఏదైనా తేలుతుందట. వచ్చేసారి అత్తగారు లేని చోట కూర్చోమంది.

"మీకేమనిపించిందన్నది రాయకండి భారతి గారూ. వాళ్లేమన్నారో అదే రాయండి."

ఆమె సరేనంది. బస్సెక్కాక, బసవయ్య అన్నది బాగుందనే కదా, దాన్ని రాయడానికి ఫారంలో గడి లేదు కదా అని అనిపించింది.

ఆర్నెల్లకు మూడోసారి వెళ్లినప్పుడు బసవయ్యకు ఇరవై తొమ్మిదొచ్చింది. ఉషశ్రీని మేడ మీదికి తీసుకెళ్లి అడిగితే ఇరవై రెండొచ్చింది. పోయినసారి మీరడిగింది సరిగ్గా వినలేదండీ అని ఆ అమ్మాయి తనంతట తానే చెప్పింది.

ఇన్నాళ్లుగా భారతీదేవి పైకి అనకపోయినా లోపల ఒకటి ఖాయం చేసుకుంది. బసవయ్యకు కౌన్సెలింగ్ అందింది, ఉషశ్రీకి అందలేదు. అన్ని ఫారాలూ అందాక నందిగామ హాల్లో నీరజ అందర్నీ పిలిచి తెర మీద రెండు గీతలు చూపించింది. రెండూ కిందికే దిగాయి. కౌన్సెలింగ్ అందినవాళ్ల గీత ముందు గబగబా దిగింది, ఆర్నెల్లకు రెండో గీత కూడా దాని దగ్గరికొచ్చింది. పనిచేసిందని చెప్పొచ్చు, ఎంత పనిచేసిందో ఇప్పుడే చెప్పలేమంది నీరజ. ఇక మీరు తెలుసుకోవచ్చంటూ ఎవరు ఏ గుంపో ఉన్న కాగితం ముందుపెట్టింది. ఉషశ్రీ కౌన్సెలింగ్ గుంపు. బసవయ్య ఫోన్ గుంపు.

భారతీదేవి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మరి ఆయన్ని రోడ్డు దాటించిందెవరు?

మర్నాడు పొద్దున్నే చిల్లకల్లు వెళ్లింది. ఇప్పుడు అడగొచ్చు కాబట్టి సూటిగానే అడిగింది. మీరు మళ్లీ పొలానికి ఎట్లా వెళ్లగలిగారు అని. బసవయ్య బాగా ఆలోచించాడు. మొదట, బావమరిది మందు సరిగ్గా కొట్టక తోట ముడత పట్టింది, చూడకపోతే ఎట్టా అన్నాడు. తర్వాత, ఫోన్ చేసే అమ్మాయి గొంతు తన మనవరాలి గొంతులా ఉండేదన్నాడు. లోపలినుంచి భార్య, కోడల్ని పోగొట్టుకున్న పొరుగింటాయన ఒకరోజు వచ్చి టీ తాగిపోయాడని, ఆ మర్నాడే ఈయన బయల్దేరాడని అందించింది. బసవయ్య అదీ నిజమేనన్నాడు.

"మీరొచ్చి అన్నీ అడిగారు గదమ్మా. అప్పటిదాకా ఎవరూ అడగలా. దానివల్లేమో. నాకూ తెలవదు."

అది విని ఆమెకు సంతోషం వేయాలి. తాను ప్రశ్నలు అడగడం వల్లే మనుషులు మారిపోతే ఇక రిసెర్చ్ ఏం తేల్చినట్టన్న ఆలోచన ఆ సంతోషాన్ని నిలవనివ్వలేదు. నీరజకు చెబితే, ఆ సంగతి తమకు ముందే తెలుసనీ, అందుకే రెండు గుంపులకూ ఒకేలా అడిగించామనీ అంది. భారతీదేవికి అర్థమైనట్టే ఉండి, ఫోన్ పెట్టేయగానే జారిపోయింది.

పెట్టేసిన ఫోన్ మళ్లీ చేసి, ట్రైనింగ్‌లో తనకొచ్చిన నలభై ఒకటి నటన కాదని చెప్పేసింది. నీరజ అది ఎప్పటి సంగతో అడిగింది. తర్వాత, రిసెర్చ్‌తో సంబంధం లేకుండా, కౌన్సెలింగ్ చేసే పరిమళ దగ్గరికి మీరూ అయిదు వారాలు వెళ్లొచ్చంది.

మొదటి వారం పరిమళ ఒక పుస్తకం ఇచ్చి, ఆ రోజు జరిగింది రాయమంది. భారతీదేవి రాసింది. లారీ అడుగున చీకటి. గ్రీజు కంపు. మొహానికి జానెడు దూరంలో తిరిగి ఆగిన చక్రం. మధ్యలో ఆగకుండా రాయగలిగింది. స్కూటర్ ఎక్కడ పడిందో మాత్రం గుర్తురాలేదు. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ కుటుంబరావుని అడిగింది. ఏవండీ, నేను లారీ కిందికి పోయినప్పుడు స్కూటర్ ఎటు పడింది అని.

అతను కలుపుతున్న ముద్ద ఆపాడు.

"నువ్వెక్కడ పోయావ్ లారీ కిందికి? నువ్వు రోడ్డు పక్కన మట్టిలో పడ్డావ్. కిందికి పోయింది నేను."

ఆమెకు ముందు కోపం వచ్చింది. తనకు గ్రీజు వాసన కూడా గుర్తుందంది. ఆ వాసన సంగతి ఇంటికొచ్చాక నేనే కదా నీకు చెప్పింది అన్నాడతను. అభిషేకం ఎవరి పేరున చేయించారని ఆమె అడిగింది. ఇద్దరి పేరునా అన్నాడు. అడగడానికి అత్తగారు లేరు. కాగితాలేవీ లేవు. మోచేతి మీద మచ్చ ఉంది, అది మట్టిలో పడ్డా వస్తుంది.

రెండో వారం పుస్తకం మూసే ఉంచి పరిమళతో జరిగిందంతా చెప్పింది. ఏది రాయమంటారు, నేను చూసిందా, ఆయన చెప్పిందా అని అడిగింది. పరిమళకు అలాంటిది ఎప్పుడూ ఎదురుకాలేదట. ఒక పేజీలో అది, ఒక పేజీలో ఇది రాద్దామంది. భారతీదేవి రాసింది. లారీ కింద ఉన్న పేజీ తొందరగా అయిపోయింది. రోడ్డు పక్కన మట్టిలో కూర్చుని, లారీ కింద కుటుంబరావు కాళ్లు మాత్రం కనిపిస్తుంటే చూస్తున్న పేజీ రాయడానికి గంట చాల్లేదు. అది జరిగిందో లేదో తెలియకుండానే ఏడ్చింది.

అయిదో వారం తర్వాత పరిమళ అవే ఇరవై ప్రశ్నలు అడిగింది. ఇరవై ఏడొచ్చింది. ఆ ప్రశ్నలు కంఠతా వచ్చిన మనిషి చెప్పిన జవాబులకు విలువెంతో భారతీదేవి తేల్చుకోలేకపోయింది. నందిగామ నుంచి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటే ఖాళీగా ఉంటే కూర్చుంది. భయం వేసింది. బస్సు హైవే దిగే చిల్లకల్లు దాకా అలాగే కూర్చుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం కొట్లో బేరాలు లేవు. ఆమె టిఫిన్ క్యారియరు తీసుకెళ్తే కుటుంబరావు పట్టాల మడత మీద కూర్చుని, ఆ ప్రశ్నలేవో నన్నూ అడుగు చూద్దాం అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు. ఆమె చూడకుండానే మొదలుపెట్టింది. మొదటిదానికి లేదన్నాడు. రెండోదానికి లేదన్నాడు. మూడోదానికి, అది మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు ఎప్పుడైనా అనిపిస్తుందా అంటే, ఎదురుగా రోడ్డు మీద పోతున్న బండ్ల వంక చూస్తూ ఉండిపోయాడు.

"అడుగు," అన్నాడు కాసేపటికి. "దానికి తర్వాత చెప్తాలే."

ఆమె నాలుగోది అడిగింది.