ఆంటీ సంగీతం టీచర్ కాదు

మా పక్క అపార్ట్‌మెంట్ ఆంటీ పోయారని పోయిన వారం అమెరికాలో మా ఊరు పిస్కాటవే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. "రిటైర్డ్ సంగీతం టీచర్, సాక్షాత్తూ సరస్వతి" అని ఎవరో రాశారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆంటీ తన జన్మలో ఎవరికీ సరిగమలు నేర్పలేదు.

ఆవిడ హాస్యనటి. ఊరూరా తిరిగే నాటక సమాజంలో, లోపల సీను మారుస్తున్నంతసేపూ తెర ముందుకొచ్చి జనాన్ని నవ్వించేవారు. తాగుబోతు మొగుడూ ఆవిడే, గయ్యాళి అత్తా ఆవిడే. ఆ సంపాదనతోనే కూతుర్ని ఇంజనీరింగ్ చదివించారు. తల్లిని ఇక్కడికి తెచ్చుకున్నాక ఆ కూతురు అందరికీ సంగీతం టీచరనే చెప్పింది; నాకు మాత్రం ఆంటీయే నిజం చెప్పారు. నాటకాలాడిన ఆడదంటే మనవాళ్ల మూతులు ఎన్ని వంకర్లు తిరుగుతాయో ఆమెకి తెలుసు. ఆ మూతులంటేనే నాకు రోత.

నా ఉద్యోగం ఊడి, వీసా బెంగతో అన్నం సయించని రోజుల్లో ఆంటీ నన్ను లాండ్రీ రూములో పట్టుకున్నారు. "నిన్ను తీసేసినవాడు ఎలా కూచుంటాడో చెప్పమ్మా" అని అడిగి, తనెప్పుడూ చూడని మా మేనేజర్‌ని డ్రయ్యర్ పక్కన అచ్చు దింపేశారు. కడుపు పట్టుకుని నవ్వాను. ఆ పూట అన్నం తిన్నాను.

"ఏడిపించడానికి ఉల్లిపాయ చాలు. నవ్వించడానికి మనిషి కావాలి" అనేవారు.

ఒక ఉగాదికి స్టేజీ ఎక్కి నవ్వించాలని ఆవిడకి మహా సరదా పుట్టింది. "ఫ్యామిలీ ఆడియన్స్ కదమ్మా, అమ్మగారి చేత డీసెంట్‌గా ఓ కీర్తన పాడించండి" అన్నాడు మా తెలుగు సంఘం ప్రెసిడెంట్. గొంతు బాగాలేదని చెప్పి కూతురు తప్పించింది. ఆంటీ వెనక వరసలో కూచుని, బుద్ధిగా చప్పట్లు కొట్టి ఇంటికొచ్చారు.

ఆదివారం సంతాపసభ. అదే ప్రెసిడెంట్ మైకు ఊది, "ఆ గాత్రం ఇంకా నా చెవుల్లో మోగుతోంది" అన్నాడు. ఏనాడు విన్నాడట? జనం తలలూపారు. ఛీ అనిపించింది. ఆవిడ బతుకంతా ఈ అబద్ధం కింద పూడ్చేస్తున్నారు, నేనూ వాళ్ల మధ్యే కూచున్నాను.

కాలేజీలో చదివే ఆంటీ మనవరాలు లేచి మైకు అందుకుంది.

"అమ్మమ్మ సింగర్ కాదు, అంకుల్. షి వాజ్ ఫన్నీ. ఇలా చేస్తది."

పొట్ట ముందుకు తోసి, మైకు ఊది, "హలో, హలో" అంటూ ప్రెసిడెంట్ నడక నడిచింది. ముందు వరసలోంచి తల్లి విసురుగా లేచింది. రెక్క పట్టుకుని కిందికి లాక్కొస్తుందనే అనుకున్నాం.

ఆమె స్టేజీ ఎక్కి, పమిట కొంగు నడుముకి దోపుకుంది.

"పొట్ట కాదే. ముందు గడ్డం రావాలి, తర్వాత పొట్ట. తెర ముందుకి అమ్మ అలాగే వచ్చేది."

తల్లీకూతుళ్లిద్దరూ గడ్డాలు ముందుకు చాపుకుని, దండ వేసిన ఫోటో ముందు నుంచి స్టేజీ ఆ చివరిదాకా నడిచారు.