పైలట్ బావ కడుపులో సంచి

మా బావ టవర్ క్రేను నడిపేవాడు. అంటే రోడ్డు మీద పాడైపోయిన లారీలను లాక్కెళ్ళే బండి కాదు. భవనం కట్టేచోట ఆకాశంలోకి సన్నటి ఇనుప స్తంభం నిలబెడతారు చూడండి, దాని తల దగ్గర అద్దాల గది ఒకటి ఉంటుంది, అందులో కూర్చునేవాడు. సైటులో అందరూ ఆయన్ని పైలట్ అనేవారు. నేను కింద వైర్‌లెస్ సెట్టు పట్టుకుని, ఎప్పుడు ఎత్తాలో ఎక్కడ దించాలో చెప్పే సిగ్నల్ మనిషిని. చాలాసార్లు పైవాడికి లోడు కనపడదు, నా మాట మీదే నడపాలి. పెళ్ళాం మాట వినే మొగుళ్ళను చూశాను గానీ పొద్దస్తమానం బామ్మర్ది మాట వినే మొగుణ్ణి నేనొక్కణ్ణే అని సైటంతా వినేలా సెట్టులో అనేవాడు.

ఆ పనిలో ఒక అలవాటుంది. ఒకసారి ఎక్కినవాడు డ్యూటీ అయ్యేదాకా దిగడు. దిగితే కింద కలిపిన కాంక్రీటు గట్టిపడుతుంది, కూలీలు చేతులు ముడుచుకుని కూర్చుంటారు, ఇంజనీరు నోటికొచ్చినట్టు తిడతాడు. పైన ఒంటికి వస్తే సీసా ఉంటుంది. రెంటికి వస్తే ఏమీ లేదు. అందుకని క్రేను వాళ్ళు పొద్దున ఏమీ తినకుండా ఎక్కుతారు, నీళ్ళు కూడా గొంతు తడుపుకునేంతే. మా బావ కుర్రతనం నుంచీ అంతే. ఆదివారం ఇంట్లో ఉన్నా పొద్దున పూట ముద్ద దిగేది కాదు. మా అక్క ఆ విషయం మీద పోట్లాడీ పోట్లాడీ చివరికి వదిలేసింది.

అలాంటి మనిషికి వచ్చిన జబ్బు చూడండి. పెద్దపేగు లోపలంతా పుండ్లు పడే జబ్బు. నెత్తురుతో కలిసి వస్తుంది, చెప్పా పెట్టకుండా వస్తుంది, వచ్చిందంటే నిమిషం ఆగదు. మొదట్లో ఎవరికీ చెప్పలేదు. డ్యూటీ అయ్యాక వెంటనే దిగకుండా, మిగతావాళ్ళంతా వెళ్ళిపోయాక దిగేవాడు. మెషీన్ చూసుకుంటున్నానని నాతో అన్నాడు. ఒకరోజు నేను ఉండిపోయాను. ఆయన దిగివచ్చి, ప్యాంటు మీద చొక్కా కట్టుకుని, నన్ను చూసి ఆగిపోయాడు. నేను చూపు తిప్పుకుని, బండి తెస్తానని చెప్పి వెళ్ళాను. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపమూ వచ్చింది.

తర్వాత మాత్రలు, ఇంజెక్షన్లు, ముఖం ఉబ్బిపోవడం, మళ్ళీ చిక్కిపోవడం అన్నీ అయ్యాయి. ఏడాది తిరిగేసరికి ఒంట్లో నెత్తురు లేక తెల్లగా పాలిపోయాడు. లోపలినుంచి ముక్క తీసి పరీక్షకు పంపితే, ఇలా వదిలేస్తే క్యాన్సరులోకి దిగుతుందన్నారు. ఇక పెద్దపేగు మొత్తం తీసెయ్యాల్సిందేనని సర్జను తేల్చి చెప్పాడు.

తీశాక ఏం చెయ్యాలన్నదానికి రెండు దారులున్నాయట. సర్జను బల్ల మీద కాగితం పెట్టి బొమ్మ గీసి చెప్పాడు. మొదటి దారిలో చిన్నపేగు చివరను పొట్ట మీద కన్నం చేసి బయటికి తెచ్చి, దానికి బ్యాగు తగిలిస్తారు. అది జన్మంతా ఉంటుంది. నిండినప్పుడు ఖాళీ చేసుకోవడమే, ఇక ఉన్నపళంగా పరుగెత్తే హడావిడి ఉండదు. రెండో దారిలో చిన్నపేగు చివరనే మడిచి కుట్టి లోపల సంచిలా చేసి కిందికి కలుపుతారు. బయట ఏమీ కనపడదు, అందరిలాగే వెళ్ళొచ్చు. కాకపోతే ఆపరేషన్లు ఒకటికి రెండవుతాయి, రోజుకు ఆరేడుసార్లు వెళ్ళాలి, రాత్రి కూడా లేవాల్సి రావచ్చు, ఒక్కోసారి కాస్త జారిపోవచ్చు. కొందరికి ఆ సంచి పనిచెయ్యకపోతే మళ్ళీ తీసెయ్యాల్సి వస్తుంది.

మావాళ్ళంతా ఏం అడిగారో తెలుసా? పొట్ట నిలువునా కోస్తారా, చిన్న చిన్న కన్నాలు పెట్టి చేస్తారా అని. మా పెద్దమ్మ అదే అడిగింది, పక్కింటాయన అదే అడిగాడు, చదువుకున్నవాణ్ణనుకునే నేనూ అదే అడిగాను. కన్నాలతోనే చెయ్యొచ్చు, కోలుకోవడం త్వరగా ఉంటుంది, ఆ తర్వాత పేగు పనితీరులో మాత్రం పెద్ద తేడా ఉండదు అని సర్జను చెప్పాడు. మొదటి సగం విని సంతోషించాం. రెండో సగం చెవికెక్కించుకున్నవాడు లేడు. ఏం పని చేస్తారని ఆయన బావను అడిగాడు. క్రేను అంటే, కూర్చుని చేసే పనే కదా, ఇబ్బంది లేదన్నాడు. ఆయన మనసులో ఉన్నది రోడ్డు మీది బండి. బావకు సర్జను ముందు నోరు పెగల్లేదు, నాకు తట్టలేదు.

వార్డులో పక్క మంచం మీద ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. ఆయనదీ అదే జబ్బు. మారు ఆలోచించకుండా బ్యాగు పెట్టమన్నాడు. స్టీరింగు వదిలి నేనెక్కడికీ పోలేను, నాకు ఒకటే కోత చాలన్నాడు. బావ ఆయన్ని చూసి జాలిపడ్డాడు. పొట్ట మీద మలం వేలాడేసుకుని బతకడం నావల్ల కాదని మా అక్కతో అన్నాడు. పైగా సేఫ్టీ బెల్టు సరిగ్గా అక్కడే బిగుస్తుందన్నాడు. ఆ మాట నిజమే. కానీ అసలు కారణం మొదటిదే. మా అక్క నీ ఇష్టం అంది. అప్పుడామెకు ఆయన బతికుంటే చాలు.

మొదటి ఆపరేషనయ్యాక లోపలి సంచి మానేదాకా కొన్నాళ్ళు తాత్కాలికంగా పొట్ట మీద బ్యాగే పెట్టారు. అది పల్చగా కారుతూనే ఉండేది. చుట్టూ చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా మండేది. మా అక్క ఆయన బట్టలు విప్పినవి విప్పినట్టే ఉతుకుతూనే ఉండేది. చూశావా, నేను చెప్పలేదూ, జన్మంతా ఇదైతే చచ్చేవాణ్ణి అనేవాడు బావ. నర్సు మాత్రం తాత్కాలికంగా పెట్టేది ఇలాగే సతాయిస్తుంది, శాశ్వతంగా పెట్టేది కుదురుగా ఉంటుందని చెప్పింది. ఆమె మాట మేం పట్టించుకోలేదు.

రెండో ఆపరేషన్‌తో బ్యాగు తీసేశారు. ఆ రోజు బావ పొట్ట తడుముకుని పసిపిల్లాడిలా నవ్వాడు. తర్వాతి నెలల్లో మా అక్కకు తల ప్రాణం తోకకొచ్చింది. దుప్పటి కింద ప్లాస్టిక్ షీటు, లోపలి బట్టల్లో ప్యాడ్లు, మంటకు పూత మందు. ఎక్కడికెళ్ళినా ముందు దొడ్డి ఎటువైపు అని అడగడం. అయినా మెల్లగా కుదుటపడ్డాడు. కాసేపు ఆపుకోగలుగుతున్నాడు. వెళ్ళడం కూడా సర్జను చెప్పిన లెక్కకే వచ్చింది. ఇదే మంచి ఫలితమని ఆయన భుజం తట్టాడు. ఇక బావ ధ్యాసంతా సీటు మీదే. రోజూ సాయంత్రం నేను రాగానే ఈ రోజు ఏం ఎత్తారు, గాలి ఎలా ఉంది, నా సీట్లో కూర్చున్న ఆ కొత్తవాడు లోడు ఊపుతున్నాడా అని అడిగేవాడు. ఊపుతున్నాడంటే ముఖం వెలిగేది.

చివరికి సైటు మేనేజరు ఒకరోజు నడిపి చూపించమన్నాడు. బాగా నడిపితే సీటు ఇస్తానన్నాడు. అంతకంటే బావకు ఏం కావాలి?

ముందురోజు మధ్యాహ్నం నుంచే తిండి మానేశాడు. నీళ్ళు కూడా మానేశాడు. సంచి ఖాళీగా ఉంటే రాదు కదా అని ఆయన లెక్క. మా అక్క మాట్లాడలేదు, ఎందుకంటే అది కొత్త కాదు, ఎప్పుడూ చూసినదే. నేనూ మాట్లాడలేదు, ఎందుకంటే నాకు తెలిసిన క్రేను వాళ్ళంతా అలాగే ఎక్కుతారు. ఒంట్లో నీరూ ఉప్పూ పీల్చి దాచుకునేది పెద్దపేగేనని, అది లేని మనిషి నీళ్ళు మానేస్తే గంటల్లో ఎండిపోతాడని హాస్పిటల్లో ఒకసారి చెప్పారు. చెప్పినప్పుడు తలలూపాం.

పొద్దున చక్కగా ఎక్కాడు. మొదటి లోడ్లు వెన్నలా దించాడు. ఏరా బామ్మర్దీ, గొంతు బొంగురుపోయింది, ఏడుస్తున్నావా అని సెట్టులో వేళాకోళం కూడా చేశాడు. కింద కూలీలు నవ్వారు. మేనేజరు తలూపి వెళ్ళిపోయాడు. ఎండ ముదిరింది. ఆ గదికి మూడువైపులా అద్దాలే.

ఇనుప చువ్వల కట్ట పైకెత్తి, పై అంతస్తు మీదికి తిప్పమన్నాను. తిప్పాడు. ఆపమన్నాను. ఆపలేదు. నిదానం బావా అన్నాను. జవాబు లేదు. కట్ట ఊగుతూ, ఎనిమిదిమంది పనిచేస్తున్న చోటికి వెళ్ళిపోతోంది. పారిపోండ్రా అని అరిచాను. వాళ్ళు చెదిరిపోయారు. కట్ట పరంజాను కొట్టి, దాన్ని విరిచి, ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. చాలాసేపటికి సెట్టులో చిన్నగా వినపడింది.

"వేళ్ళు కొంకర్లు పోయాయిరా. కళ్ళు కనపడట్లేదు. నన్ను దించండి."

తాళ్ళతో స్ట్రెచరు కట్టి దించారు. దించుతుండగా ఆయనకు ఒంటి మీద అదుపు తప్పింది. ఒకప్పుడు అందరూ వెళ్ళిపోయేదాకా పైనే ఉండిపోయిన మనిషి, ఆ రోజు సైటంతా తలెత్తి చూస్తుండగా దిగాడు. నేను నా చొక్కా విప్పి కప్పాను. సరిపోలేదు.

హాస్పిటల్లో సెలైన్లు ఎక్కించారు. ఉప్పు పడిపోయిందని, కిడ్నీలు దెబ్బతినబోయాయని చెప్పారు. తేరుకున్నాక సర్జను వచ్చి, ఇక ఎప్పుడూ కడుపు మాడ్చకూడదు, వేళకు తినాలి, ఉప్పు నీళ్ళు తాగుతూనే ఉండాలి అన్నాడు. బావ వినీ వినీ మెల్లగా అడిగాడు.

"తింటే దిగాలి. తినకపోతే పైనే పడిపోతాను. మరి నేను ఎక్కేదెలా సార్?"

అప్పుడుగానీ సర్జనుకు ఆ క్రేను ఏ క్రేనో తెలియలేదు. ఇక ఎక్కకూడదన్నాడు. అయితే దీన్ని పీకేసి బ్యాగు పెట్టండి, ఆ డ్రైవరుకు పెట్టినట్టే అన్నాడు బావ. డ్రైవరు అప్పటికి ఎప్పుడో లారీ ఎక్కేశాడు. ఆయనకూ బాధలు లేకపోలేదు, బ్యాగు ఒకటి రెండుసార్లు దారిలో ఊడింది, కన్నం పక్కన వాపు వచ్చింది, ఇంట్లో పెళ్ళాం వేరే గదిలో పడుకుంటోందని ఫోనులో చెప్పాడు. కానీ సీటు పోలేదు. సర్జను చాలా ఓపిగ్గా చెప్పాడు. సంచి చెడిపోయినవాళ్ళకు తీస్తాం, మీది చెడిపోలేదు, తియ్యాలంటే మళ్ళీ పెద్ద ఆపరేషన్, ఉన్న చిన్నపేగులో కొంత పోతుంది, ప్రాణం మీదికీ రావచ్చు, బాగా పనిచేస్తున్నదాన్ని నేను చేతులారా పాడుచెయ్యలేను అన్నాడు. ఆయన్ని తిట్టుకుందామనుకున్నాను. ఒక్క మాటా తప్పు దొరకలేదు. అదే నాకు ఇంకా కడుపుమంట.

ఇంటికి పంపించే రోజు సర్జను బావను ఒక సాయం అడిగాడు. వార్డులో ఒక టీచరమ్మ ఉంది, బ్యాగా లోపలి సంచా అని తేల్చుకోలేకపోతోంది, మీలా బాగైనవాళ్ళు ఒక్కసారి మాట్లాడితే ధైర్యం వస్తుంది అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బావ మాత్రం సరేనని వెళ్ళాడు.

ఆమె మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. చాలా అడిగింది. రోజుకు ఎన్నిసార్లు, ఆపుకోగలరా, మంట ఉంటుందా, రాత్రి నిద్ర పడుతుందా. బావ అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు. వింటున్నకొద్దీ ఆమె ముఖం తేటపడింది. పాఠం మధ్యలో లేచి వెళ్ళొచ్చా అని బావ అడిగాడు. తలుపు పక్కనే ఉంటుందన్నయ్యా, పిల్లలకు ఏదో ఒకటి రాసుకోమని చెప్పి వెళ్తాను అంది. అయితే మీకు పరవాలేదమ్మా అన్నాడు బావ. ఆమె చేతులు జోడించి నవ్వింది.

"మిమ్మల్ని చూస్తే కొండంత ధైర్యం వచ్చిందన్నయ్యా. ఇంతకీ మీరేం పని చేస్తారు?"

ముప్పై ఏళ్ళుగా ఆ ప్రశ్నకు ఆయన చూపుడువేలు ఆకాశం వైపు చూపించేవాడు, అడిగినవాడు తలెత్తి చూస్తే అప్పుడు నవ్వేవాడు. ఆ రోజు చెయ్యి కదల్లేదు.

"ఏమీ చెయ్యనమ్మా" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి దొడ్డి ఎటువైపని అడిగాడు.