దొరసాని బొమ్మలోని వల

నా చిన్నప్పుడు మా వీధిలో అబద్ధం ఆడితే వీపు పగిలేది. ఎదుటివాళ్ళ మొహం మీద నిజం చెబితే మాత్రం అంతకంటే పెద్ద తప్పు చేసినట్టు చూసేవారు. బర్మావాళ్ళకి 'అనా' అని ఒక మాట ఉంది. మనం నోరు విప్పితే అవతలివాళ్ళ మనసు నొచ్చుకుంటుందేమోనని నోరు కట్టేసుకోవడం అన్నమాట. విశాఖపట్నం వైపు నుంచి రంగూన్ రేవుకి మూటలు మొయ్యడానికి వచ్చిన మా పెద్దలు ఇక్కడివాళ్ళ దగ్గర చాలా నేర్చుకున్నారు. పొద్దున్నే చేపల పులుసులో నూడిల్స్ తినడం నేర్చుకున్నారు, ఈ అనా కూడా నేర్చుకున్నారు. నూడిల్స్ మంచివే. అనా గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది.

మేం రంగూన్ రేవు పక్కన బోటాటౌంగ్‌లో గోదాముల వెనక చెక్క ఇళ్ళ వరసలో ఉండేవాళ్ళం. వీధి చివర చర్చిని ఆనుకున్న గదిలో అమెరికా నుంచి వచ్చిన ఒక దొరసాని ఉండేది. ఆవిడా మిషనరీయే. కాకపోతే ఆస్పత్రి, బడి ఆవిడ పని కాదు. పిల్లలకి బొమ్మలు వెయ్యడం, పాటలు పాడటం నేర్పుతూ, వాటితోనే తన దేవుడి మాట చెప్పేది. మేం ఆవిడని సయామ అని పిలిచేవాళ్ళం. బర్మాలో పంతులమ్మని అలాగే అంటారు. మా అమ్మమ్మ నన్ను అక్కడికి పంపేటప్పుడు ఒకటే షరతు పెట్టింది. రంగులు ఎంతైనా పూసుకో, ప్రార్థన మొదలుపెట్టగానే లేచి వచ్చెయ్యమంది. ఆ సంగతి సయామకి తెలుసు. ప్రార్థన వేళకి తనే తలుపు తీసి, నవ్వి నన్ను బయటికి పంపేది. ఆవిడంటే మా అమ్మమ్మకి గౌరవం కలిగింది అక్కడే.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు సర్కారువాళ్ళు బయటి దేశాల మిషనరీలకి ఇక్కడ ఉండే కాగితాలు మళ్ళీ ఇవ్వడం మానేశారు. సయామని వాళ్ళ సంఘం ఇటలీ వెళ్ళమంది. సొంత దేశం పోవచ్చు కదా అని మా అమ్మ అడిగింది. నా పని అక్కడ లేదు అని మాత్రం చెప్పింది ఆవిడ. ఇటలీ భాష ఆవిడకి ఒక్క ముక్క రాదు. తెలిసిన మనిషి ఒక్కరు లేరు. చేతిలో ఉన్నదల్లా గుడ్డ మీద తను వేసిన ఒక పెద్ద బొమ్మ. దిగగానే దాన్ని ఆ ఊరి చర్చి హాల్లో కట్టి, నేను ఈ పని చేసే మనిషిని అని చూపించుకోవాలి. నచ్చితే పిల్లల్ని పంపుతారు, నచ్చకపోతే లేదు. ఆవిడ బతుకంతా ఆ గుడ్డ మీద ఉంది.

బొమ్మలో వాళ్ళ దేవుడు ఏటి ఒడ్డున నిలబడి ఉంటాడు. ఎదురుగా పడవలో ముగ్గురు జాలర్లు వల పట్టుకుని ఉంటారు. నీళ్ళు చూస్తే తడుస్తామేమో అన్నంత బాగా వేసింది. మొహాలూ బాగున్నాయి. ఒక్క వలే అన్యాయంగా ఉంది. ముగ్గురూ వేలి కొసలతో దాన్ని పట్టుకుని, తెర దించుతున్నట్టు నిలబడ్డారు. అంచుకి సీసపు గుండ్లు లేవు. గుండ్లు లేకపోతే వల మునగదు.

వీడ్కోలు సభ రోజున చర్చి హాల్లో వీధి వీధంతా ఆ బొమ్మ చూసింది. అందులో సగం మంది చేపలు పట్టేవాళ్ళు, లేదా పట్టేవాళ్ళ ఇళ్ళవాళ్ళు. అందరూ తలలూపారు, అందరూ బాగుందన్నారు. తిరిగి వస్తూ మాత్రం ఒకటే నవ్వులు. నది అవతల దలాలో పడవ ఉన్న మా మావయ్యయితే, "ఆ వల్లో పడాలంటే సేపకే దయ పుట్టాల" అన్నాడు. నేనూ నవ్వాను. నా నవ్వులో పాపం ఎక్కువ, ఎందుకంటే బొమ్మలో వల గీసేటప్పుడే సయామ నన్ను పిలిచి, ఇలాగే ఉంటుందా అని అడిగింది. నేను బాగుందన్నాను. తొమ్మిదేళ్ళదాన్ని, అయినా అనా అప్పటికే ఒంటబట్టింది.

మోకాళ్ళ నొప్పులతో మా అమ్మమ్మ ఆ సభకి రాలేదు. అందుకని మర్నాడు సయామే బొమ్మని చుట్టి చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా అమ్మమ్మ దలా జాలర్లకి వలలు అల్లేది, చినిగినవి బాగుచేసేది. అరుగు నిండా వలలే. సయామ వాటిని జాగ్రత్తగా దాటి, బొమ్మ విప్పింది. ఇద్దరికీ బర్మా భాష అంతంతమాత్రమే కనక మధ్యలో నేను కూర్చున్నాను.

అమ్మమ్మ చాలాసేపు చూసింది. ఎళ్ళే ఊళ్ళో ఎవరుంటారని అడిగింది. సముద్రం పక్క ఊరు, అందరూ చేపలు పట్టేవాళ్ళే అని సయామ సంతోషంగా చెప్పింది. అందుకే ఈ కథ ఎంచుకుందట. అమ్మమ్మ మొహం మారింది. "ఇది వలేటి? సీరలు ఆరేస్తన్నట్టుంది. జాలరోళ్ళు సూస్తే నవ్వుతారు, సెప్పు," అంది నాతో.

నేను బర్మా భాషలో, చాలా బాగుంది అంటోంది అని చెప్పాను. సయామ చేతులు జోడించింది.

బాగుంది అనే బర్మా మాట మా అమ్మమ్మకి తెలియదని ఎలా అనుకున్నానో. రోజూ బజారులో వినే మాటే. "ఓలె గుంటా, నానన్నదేటి, నువ్వు సెప్పినదేటి? నా మాట సెప్పు, నీ మాట కాదు," అంది. ఆవిడ బాధపడుతుందే అన్నాను. అప్పుడు అమ్మమ్మ గొంతు తగ్గించి అన్న మాట నాకు ఇవాళ్టికీ చెవిలోనే ఉంది. "ఇక్కడ మనం నవ్వితే ఏటౌతాది? రేపు మళ్ళీ పలకరిస్తాం. అక్కడోలు నవ్వితే ఈ మనిషికి పలకరించేవోలు ఎవలున్నారు?"

ఏడుస్తూనే చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా. సయామ మొహం మెడ దాకా ఎర్రబడింది. నిన్న వచ్చినవాళ్ళందరికీ ఇది తెలుసా అని నన్నడిగింది. తెలుసన్నాను. నీకూ తెలుసా అంది. తల దించుకున్నాను. ఆవిడ బొమ్మ చుట్టడం మొదలుపెట్టింది. వెళ్ళిపోతోంది, ఇంక రాదు అనుకున్నాను.

"ఎవరూ చెప్పలేదేం?" అంది చుడుతూనే.

"నువ్వంటే ఇష్టం, అందికే సెప్పలేదు. నాకు మరీ ఇష్టం. కూకో," అంది అమ్మమ్మ. ఇదీ నేను ఉన్నదున్నట్టే చెప్పాను. సయామ చుట్టిన బొమ్మని గోడకి ఆనించింది. తర్వాత పావడా సర్దుకుని వలల మధ్య కూర్చుంది.

ఆ పైన అమ్మమ్మ మాటలు తగ్గించేసింది. విసురు వల ఒకటి తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టింది. సీసపు గుండ్లు ఒక్కసారిగా జారి ఆవిడ కాలి ఎముక మీద పడ్డాయి. అబ్బా అనలేదు కానీ పళ్ళు బిగపట్టింది. కొంత వల ఎడమ మోచేతి మీద వెయ్యాలి, కొంత కుడి చేతిలో ఉండాలి, అంచు పళ్ళతో కరిచి పట్టాలి. విసిరే క్షణంలో నోరు వదలాలి. అప్పుడే వల గొడుగులా విచ్చుకుంటుంది. నోట్లో పెట్టుకోమని అమ్మమ్మ సైగ చేస్తే, ఆ అమెరికా దొరసాని నది బురద కంపు కొట్టే అంచుని నిజంగానే పళ్ళ మధ్య పెట్టుకుంది.

ఆవిడ బయల్దేరడానికి మిగిలినవి నాలుగు రోజులు. మర్నాడే సయామ బొమ్మలోని ముగ్గురు జాలర్ల మీదా తెల్లరంగు పూసేసింది. చూడలేక నేను బయటికి వచ్చేశాను. అమ్మమ్మ కబురు పెడితే మావయ్య దలా నుంచి రేవు దాటి వచ్చి, పెరట్లో వల కరుచుకుని నిలబడ్డాడు. నోరు తెరవడానికి లేదు. ఇన్నాళ్ళకి వీడి నోటికి పని దొరికిందని అమ్మమ్మ ఎగతాళి చేసినా బదులు చెప్పలేక కళ్ళురిమాడు. సయామ అతన్ని చూసి గియ్యడం, లేచి వచ్చి వల తను పట్టి చూసుకోవడం, మళ్ళీ గియ్యడం. అమ్మమ్మ నొప్పికాళ్ళు చాపుకుని నాలుగు రోజులూ ఆ పెరట్లోనే ఉంది. మోచెయ్యి ఇంకా పైకి అనేది. సయామ చెరిపేది.

బయల్దేరే రోజుకి ఒక్క జాలరే పూర్తయ్యాడు. పళ్ళ మధ్య వల, బిగిసిన మెడ, ఏటి మీద చూపు. చర్చి పాస్టరుగారికి అది నచ్చలేదు. దేవుడి శిష్యుడైన పుణ్యపురుషుడి నోట్లో బురద వలేమిటి అన్నారట. తక్కిన ఇద్దరి చోటా తెల్లటి మచ్చలే ఉన్నాయి. ఇలా సగం బొమ్మ పట్టుకెళ్తే వాళ్ళేమంటారని నాకు భయం వేసి, ధైర్యం చేసి అడిగేశాను. ఆ ఇద్దరిని ఎలా వెయ్యాలో అక్కడి జాలర్లని అడుగుతానంది సయామ. భాష రాదు కదా అన్నాను. వల పట్టుకుని నిలబడితే తప్పు వాళ్ళే చూపిస్తారు, నాకు అలవాటైంది అంది. ఆ మాట అమ్మమ్మకి తెలుగులో చెబితే, ఆవిడ మొదటిసారి సయామ చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత సయామ సంగతి మాకేమీ తెలియలేదు. ఆ ఊరివాళ్ళు నవ్వారో, పిల్లల్ని పంపారో చెప్పేవాళ్ళు లేరు. తెలిసినట్టు రాయడం నాకు ఇష్టం లేదు.

నాకు తెలుగు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. గుడి హాల్లో నేర్పిన అమ్మాయి పెద్దదాన్నని మొహమాటపడి, నేను ఏం గీకినా బాగుంది మామ్మగారూ అనేది. మూడో రోజు పలక ఆమె ముందు పెట్టి, తప్పు దిద్దకపోతే రేపటి నుంచి రానన్నాను. అప్పటి నుంచి దిద్దింది. అందుకే ఇది రాయగలిగాను. నేనూ అందరికీ మొహం మీదే చెబుతాను. మా కోడళ్ళకి చెబుతాను, పక్కింటి బర్మావిడ 'మా మా'కి చెబుతాను. నోటి దురుసు మనిషి అని పేరొచ్చింది, రానీ. కానీ తప్పు చెప్పినంత తేలిగ్గా, చెప్పాక ఆ మనిషి పక్కన నాలుగు రోజులు కూర్చోవడం నాకు రాలేదు. ఎవరికైనా ఏదైనా అనబోయే ముందు, కూర్చునే ఓపిక ఉందా అని నన్ను నేను అడుగుతున్నాను ఈ మధ్య. లేకపోతే అనడం మానేసి, ముందు వాళ్ళ పక్కన కూర్చోవడానికి అరుగు మీద చోటు చూసుకుంటున్నాను.