కంట్లో పెట్టిన జెల్, నేను చెప్పని నొప్పి

ఆ రోజు పొద్దున ప్రెస్సుకు రాగానే యజమాని యాదగిరి సార్ ఒక పెళ్లికార్డు నా ముందు పెట్టాడు. పెళ్లికూతురి పేరు పద్మావతి. కార్డులో వద్మావతి అని పడింది.

"గిదేంది రజియమ్మా, నువ్వు కంపోజ్ చేసిందేనా?" అన్నాడు.

నల్లగొండలోని ఆ చిన్న ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చడం నా పని. ఏ గడిలో ఏ అక్షరం ఉంటుందో నా వేళ్లకు తెలుసు. అచ్చు అయ్యాక వాటిని తిరిగి గళ్లలో వేసేటప్పుడు మాత్రం ఒక్కొక్కదాన్నీ చూసి వేయాలి. నేను 'వ'లు తీసి 'ప' గడిలో వేశాను. వంగి ఆ గడిలోకి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. ఎడమ కన్ను మూశాను. కుడి కంటి ముందు ప్రెస్సంతా గంజినీళ్ల వెనకాల ఉన్నట్టుంది.

ఊళ్లో డాక్టరు టార్చి వేసి చూసి, "క్యాటరాక్ట్ వచ్చింది. ఇంకా ముదరలే, ముదిరినంక రా," అన్నాడు. నాకప్పటికి నలభై నాలుగేళ్లు. మా ఆయన పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. పానగల్‌కు పోయే దారిలో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. ముదిరేదాకా తినేదెట్లా? యాదగిరి సార్ హైదరాబాదులో కంటి దవాఖాన ఉందని చెప్పి పంపాడు.

అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ముదిరేదాకా ఆగక్కర్లేదని, క్యాటరాక్ట్ తీసి కంట్లోనే లెన్స్ పెడతానంది. "మీ కార్నియా లోపలి కణాలు పలచగా ఉన్నాయమ్మా. అవి దెబ్బతినకుండా హైలురోనిక్ యాసిడ్ అనే జెల్ వాడతాను."

యాసిడ్ అనగానే కుర్చీలో వెనక్కి జరిగాను. ప్రెస్సులో బొమ్మలు అచ్చువేసే జింకు బ్లాకులు చేసేది యాసిడ్‌తోనే. చుక్క పడితే చీరకు చిల్లు. "కంట్లనా డాక్టరమ్మా?"

ఆమె నవ్వింది. "పేరుకే యాసిడ్. మీ కంట్లో, చర్మంలో, మోకాళ్ల కీళ్లలో ఇప్పటికే ఉంది. ఈ మందును కోడిపుంజు తలమీది తురాయి నుంచి తీస్తారు. కొన్ని దేశాల్లో మోకాళ్ల నొప్పులకు ఇంజెక్షన్‌గా కూడా ఇస్తున్నారు."

మహబూబ్‌నగర్‌లో ఉన్న మా అన్నకు ఆపరేషన్ సంగతి ఉత్తరం రాశాను. అన్న రాలేదు. చేర్చుకునే చోట గుమాస్తా "వెంట ఎవరొచ్చిన్రు?" అని అడిగాడు. ఎవరూ రాలేదన్నాను. వెంట వచ్చినవారు సంతకం చేసే జాగాలో అడ్డగీత కొట్టి, కాగితం నా వైపు తోశాడు.

పక్క మంచం మీద మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన ఒక అవ్వ, ఆమెకు తోడుగా కూతురు లచ్చమ్మ ఉన్నారు. కోడి సంగతి చెబితే లచ్చమ్మ పడీపడీ నవ్వింది. "జర చూస్కో అక్కా, తెల్లారంగ నీ కంట్లకెల్లి కూత పెడ్తదేమో!" ఆ దవాఖానలో నేను నవ్వింది అదొక్కసారే.

ఆపరేషన్ పొద్దున అయింది. నొప్పి తెలియలేదు. మధ్యాహ్నం దాటాక కట్టు కింద కన్ను సలపడం మొదలైంది. సాయంత్రానికి నుదురు పగిలిపోతోంది, కడుపులో తిప్పుతోంది. కోసిన కన్ను కదా, అందరికీ ఇంతేనేమో అనుకున్నాను. సిస్టర్ రెండుసార్లు అటుగా వెళ్లింది. పిలవలేదు. నా కోసం ఇంకొకరిని పిలవడం నాకు అలవాటు తప్పిపోయింది.

నేను వాంతి చేసుకున్నాక లచ్చమ్మ లేచింది. "పండ్లు కొరుక్కుంట పండితె ఎట్లక్కా? ఉండు, పిల్చుకొస్త."

డాక్టరమ్మ వచ్చి కట్టు విప్పింది. "ఎప్పటి నుంచి నొప్పి?"

"పగటాల్ల నుంచి."

"చెప్పలేదేం? కంట్లో ప్రెషర్ బాగా పెరిగింది. ఆ జెల్‌ను ఆపరేషన్ చివర కడిగేస్తాం. కాస్త మిగిలినా ఒక్కోసారి ఇలా అవుతుంది. పొద్దుటిదాకా ఊరుకుంటే కంటి నరం దెబ్బతినేది."

సెలైన్ సీసా ఎక్కించారు, మాత్రలు ఇచ్చారు, చుక్కలు వేశారు. మర్నాటికి నొప్పి దిగింది. ఆ రోజే లచ్చమ్మ వాళ్లమ్మను తీసుకుని ఊరికి వెళ్లిపోయింది. నన్ను మరో మూడు రోజులు ఉంచారు. ఖాళీ అయిన ఆ మంచం మీద పరుపు చుట్టి పెట్టారు. ఒక కంటితో దాన్నే చూస్తూ పడుకున్నాను.

కట్టు పూర్తిగా తీసిన రోజు మొదట చూసింది నా చేతులే. గోళ్ల సందుల్లో సిరా, మణికట్టు మీద ముడతలు. ఇంత ముసలివయ్యాయని నాకు తెలియదు. బస్టాండులో కూర్చుని దుకాణాల బోర్డులన్నీ చిన్నగా పైకి చదువుకున్నాను. చిన్న అక్షరాలూ తెలుస్తున్నాయి. ఆ మాట చెప్పడానికి పక్కన మనిషి లేక, టికెట్ ఇచ్చే కండక్టరుతో అన్నాను. "మంచిదమ్మా," అని ముందుకు పోయాడు.

ఇప్పుడు మా ప్రెస్సులో కంప్యూటర్ వచ్చింది. సీసం అక్షరాలు అమ్మేశారు. నేను ప్రూఫులు దిద్దుతున్నాను. అన్న తర్వాత ఎప్పుడో రాసిన ఉత్తరంలో క్షేమం అడిగాడు. బాగున్నానని రాశాను.

పోయినేడు ఎడమ కంటికీ ఆపరేషన్ అయింది. ఈసారి చేరగానే సిస్టర్‌తో ముందే చెప్పాను: "నా ఎంట ఎవరూ లేరమ్మా. నొప్పైనా చెప్పకుంట పండే మనిషిని. మీరే జర అడుగుతుండాలె." ఆమె నా చీటీ మీద ఏదో రాసుకుంది. ఆ రోజంతా అటుగా వచ్చిన ప్రతిసారీ ఆగి, "రజియమ్మా, నొప్పుందా?" అని అడిగింది.

ఒంటరిగా దవాఖానకు పోయేవాళ్లు ఉంటే, ఆ ఒక్క మాట మొదటి రోజే చెప్పి పెట్టండి.