విప్పని సంచి

నా చిన్నప్పుడు, కచ్చితంగా చెప్పాలంటే తొమ్మిదేళ్ల నాలుగు నెలల వయసులో, ప్రత్తిపాడు దగ్గర మా ఊరికి నర్సమ్మ వస్తే ఆవిడ సంచి మోసే పని నాది. ఎనభైల మొదటి సంవత్సరాలవి. లెక్కపెట్టడం నాకప్పటికే అలవాటు. ఒకరోజు ఆవిడ మంచినీళ్లకు ఆగినప్పుడు సంచిలోకి చూసి, ఒక అట్టలోని బిళ్లలు లెక్కపెట్టాను. తెల్లవి ఇరవై ఒకటి, మట్టిరంగువి ఏడు. పక్కన నిరోధ్ పొట్లాలు, కాగితం కవరులో లూపు. ఏమిటివని అడిగితే, "బిడ్డకూ బిడ్డకూ ఎడం ఉంచేవిలే" అంది.

అక్కణ్ణించి పక్కింటి అక్క దగ్గరికి వెళ్లాం. అక్కకు ఇరవై రెండేళ్లు. నాలుగేళ్ల కూతురు, పదకొండు నెలల కొడుకు. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది.

"మూడేళ్లాగి ఇంకొకరిని కందామనుందండీ. అందాకా ఆగే మార్గమేమన్నా ఉందా?" అని అడిగింది.

"ఇద్దరు చాల్లేవమ్మా. ఆపరేషన్ అయితే మళ్లీ బెంగ ఉండదు. శనివారం క్యాంపుకు ట్రాక్టరు పోతోంది, పేరు రాస్తున్నా."

నెలాఖరుకు ఇన్ని ఆపరేషన్లు చేయించాలని పైవాళ్లు ఆవిడ నెత్తిన పెట్టారని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. సంచి నా ఒళ్లోనే ఉంది. పెద్దల మాటల్లో దూరకూడదని నోరు మెదపలేదు. వేరే దారేదీ లేదనుకుని శనివారం అక్క ట్రాక్టరెక్కింది.

ఆ ఏటి వానల్లో వాంతులూ విరేచనాలూ పట్టుకుని మూడో రోజున పిల్లాడు పోయాడు. మళ్లీ పిల్లలు పుట్టేలా చేయగలరేమోనని అక్క పట్నంలో డాక్టర్ల దగ్గరికి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ కాదనిపించుకుని వచ్చింది. నర్సమ్మల సంచుల్లో ఆగే మార్గాలు వేరే ఉంటాయని అక్కడే తెలుసుకుంది.

మరుసటేడు మిరపకోతలప్పుడు నర్సమ్మ మా అమ్మ కోసం వచ్చింది. మా తమ్ముడికి అప్పుడు ఆరు నెలలు. ఆపరేషన్ మాట ఎత్తగానే పక్కింట్లోంచి అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. గొంతులో కోపం లేదు.

"నర్సమ్మగారూ, మిరపకాయల బస్తా అయినా కోసి గుప్పెడు తీసి చూపించందే ఎవరూ కొనరండి. ఆ సంచి విప్పండి. అన్నీ చూశాక ఆపరేషనే కావాలంటే అదే చేయించుకుంటుంది."

నర్సమ్మ చాప మీద అన్నీ పరిచి, ఏది ఎన్నాళ్లు పనిచేస్తుందో, దేనితో ఏ ఇబ్బంది రావచ్చో ఒక్కొక్కటే చెప్పింది. అమ్మ రెండుసార్లు చెప్పించుకుని లూపు చాలంది.

అక్క బిళ్లల అట్ట చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "ఆ రోజు కూడా ఇవన్నీ సంచిలో ఉన్నాయా?" అని అడిగింది. నర్సమ్మను కాదు, నన్ను.

ఉన్నాయన్నాను. అక్క అట్టను తీసిన చోటే పెట్టి కళ్లానికి వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఎవరైనా సలహా అడిగితే, నాకు తెలిసిన దారులన్నీ ముందు పెట్టందే నా మాట చెప్పను. ఏటా వానలు మొదలవగానే రెండు వయసులు లెక్కకడతాను. ఒకటి ఆ పిల్లాడిది. రెండోది, మూడేళ్లాగి అక్క కందామనుకున్న బిడ్డది.