నేను కనిపెట్టిన చెరువు కోడ్

కరోనా హడావుడి సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో, రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉందనగా, నన్ను ఒక యూనివర్సిటీ పరిశోధన ప్రాజెక్టులో ఫీల్డ్ సూపర్‌వైజరుగా వేశారు. ఆఫీసు ఏలూరులో, పని కొల్లేరు ఒడ్డు ఊళ్లలో. నా అసలు ఉద్యోగం సైకియాట్రిక్ సోషల్ వర్కర్. డాక్టరు రాసిన మందు ఇంట్లో ఎందుకు మింగడం లేదో కనుక్కోవడం మా పని అంటే చాలావరకు సరిపోతుంది.

ప్రాజెక్టు ఉద్దేశం మంచిదే. దిగులు జబ్బు పట్టిన మనిషి ఊరినుంచి బస్సెక్కి మానసిక వైద్యుడి గుమ్మం దాకా రాడు. వచ్చినా, తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని పక్కనున్న పళ్ల డాక్టరు బోర్డు కింద నిలబడతాడు. అందుకని వైద్యాన్నే ఊరికి తీసుకెళ్లాలనుకున్నాం. ఆశా వర్కరు ఇంటింటికీ తిరిగి తొమ్మిది ప్రశ్నలు అడుగుతుంది. ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం పది గానీ అంతకు మించి గానీ వస్తే ట్యాబ్‌లో డాక్టరుగారితో మాట్లాడిస్తాం. బళ్లో మార్కులు ఎక్కువొస్తే సంతోషిస్తారు, మా దగ్గర తక్కువొస్తే సంతోషించాలి.

మా ప్రొఫెసరుగారు మహానగరంలో పుట్టి పెరిగినవారు. చేపను పళ్లెంలో తప్ప చూసి ఎరగరు. మొదటి ఊరి ఫలితాలు రాగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చెరువుల వైపు వీధుల్లో మగవాళ్లు ఇంచుమించు అందరూ పది దాటేశారు! పరిశోధన వ్యాసానికి అప్పుడే పేరు ఆలోచిస్తున్నారని ఆయన మొహం చూస్తేనే తెలిసిపోయింది. కబురు ఊళ్లోకి మాకంటే ముందే చేరింది. మర్నాడు సర్పంచ్‌గారు ఎదురొచ్చి, "ఏవండీ మేడమ్‌గారూ, మా ఊరు ఊరంతటికీ మతి చెడిందని రాశారంటగా? పిల్లలకి సంబంధాలు చూస్తున్న రోజులండీ, కాస్త చూసి రాయండీ" అన్నారు.

నాకు నవ్వాగలేదు. మాది ముదినేపల్లి దగ్గర, చుట్టూ చేపల చెరువులే. చేపల చెరువున్న మనిషి ఎక్కడైనా కంటినిండా నిద్రపోతాడా? తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఏరియేటర్లు, అంటే నీళ్లను చిలికి గాలి పట్టించే యంత్రాలు, ఆ వేళకి ఆన్ చెయ్యకపోతే చెరువంతా పోతుంది. అందుకని గట్టు మీద మేలుకునే ఉంటారు. అలాంటివాళ్లని పట్టుకుని నిద్ర పడుతోందా, నీరసంగా ఉంటోందా అని అడిగితే ఏం చెబుతారు? ఆ రెండు ప్రశ్నలకే ఆరు మార్కులు.

ఈ సంగతి ప్రొఫెసరుగారికి విడమరిచి చెప్పాను. కాస్త గొప్పలు కూడా పోయాను. మా దగ్గరున్న ఇళ్ల వివరాల జాబితాలో చెరువు ఉన్నట్టుంటే ఆ రెండు ప్రశ్నల మార్కులు తీసేద్దామన్నాను. ఆయన దానికి 'చెరువు కోడ్' అని పేరు పెట్టి సంతకం చేశారు. మా రిసెర్చ్ అసిస్టెంటు హరిత తాడేపల్లిగూడెం కిరాణా వర్తకుల అమ్మాయి, ఏదైనా తూచి చూసే రకం. "మేడమ్, చెరువుందో లేదో మళ్లీ అడగక్కర్లేదాండీ? ఆ జాబితా కిందటేడుది కదండీ" అంది.

"ఏడాదిలో చెరువు ఎక్కడికి పోతుందమ్మా? తెలిసినవే అడిగి జనాన్ని విసిగించకు" అన్నాను.

జులై నెలాఖరులో బ్యాక్‌చెక్ మొదలుపెట్టాను. పదిళ్లకు ఒక ఇంటికి సూపర్‌వైజరు స్వయంగా వెళ్లి, రాసుకొచ్చింది నిజమో కాదో సరిచూడటాన్ని అలా అంటారు. ఆ వరసలో వీర్రాజుగారి ఇల్లు వచ్చింది. రైతు, నలభై అయిదేళ్లుంటాయి. మొదట ఆయనకు పన్నెండు మార్కులు. నా కోడ్ పడ్డాక ఆరు మిగిలాయి. కాబట్టి జబ్బు లేదని పేరు కొట్టేశాం.

మేం వెళ్లేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. హరితకు పాఠం చెప్పే అవకాశం నేను వదులుకుంటానా! "చూశావా, ఇదే చెరువు నిద్ర. జబ్బు కాదు, వృత్తి" అన్నాను. కాఫీ గ్లాసులతో వస్తున్న ఆయన భార్య మంగతాయారుగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏం చెరువండీ? చెరువు వదిలేసి మూడు నెలలు దాటిందండీ. ఈయన మాత్రం ఇంకా పడుకోట్లేదండీ" అన్నారు.

నా మొహం, చెరువు ఎక్కడికీ పోదు, మనిషి చేతిలోంచి పోతుందన్న ఆలోచనే నాకు రాలేదు. హరిత నా వైపు చూడలేదు. అది ఆ పిల్ల మంచితనం.

మమ్మల్ని చూసి పోగైన ఇరుగుపొరుగును పంపేసి, ఆయన్ని లోపల గదిలో కూర్చోబెట్టి తొమ్మిది ప్రశ్నలూ మొదటినుంచీ నేనే అడిగాను. ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున గట్టు మీద కూర్చున్నచోటే ఆయనకు కన్నంటుకుందట. లేచేసరికి చేపలన్నీ తెల్లగా తేలిపోయి ఉన్నాయట. ఆ వారమే లీజు చెరువు తిరిగి ఇచ్చేశారు. "మళ్లీ కన్నుమూస్తే ఈసారి ఏం పోతుందోనని భయమండీ" అన్నారు. తొమ్మిదో ప్రశ్న, బతుకు వద్దనిపిస్తోందా అని. మొదటిసారి ఆశా వర్కరు అరుగు మీద నలుగురి మధ్య అడిగినప్పుడు "అబ్బే" అన్నారట. ఈసారి తలొంచుకుని, "రోజూ అనిపిస్తోందండీ" అన్నారు. మంగతాయారుగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ జవాబు వస్తే నిబంధన ఒక్కటే. మనిషిని ఒంటరిగా వదలకూడదు, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఏలూరు వెళదాం రమ్మంటే ఆయన కాదనలేదు. చొక్కా మార్చుకొస్తానని లేచారు. మేం ముగ్గురం వెనకాలే లేచాం. "చొక్కాకి ఇంతమందా అండీ" అన్నారు. పెదవి చివర నవ్వులాంటిది కనిపించింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ప్రాజెక్టు జీపులో ఏలూరు చేరేదాకా మంగతాయారుగారు ఆయన చెయ్యి వదల్లేదు.

డాక్టరుగారు మందులు మొదలుపెట్టారు. ఆశా వర్కరు వారానికోసారి వెళ్లి, మేం నేర్పిన పద్ధతిలో కూర్చుని మాట్లాడేది. దసరా నాటికి ఆయన రాత్రిళ్లు పడుకోవడం మొదలైంది. "గురక కూడా పెడుతున్నారండీ, ఇప్పుడు నాకు పట్టట్లేదు నిద్ర" అని మంగతాయారుగారు ఫిర్యాదు చేశారు.

ప్రొఫెసరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. "సంతకం నాదే కదండీ" అన్నారు. చేప సంగతి తెలియని ఆయనకు తప్పు ఒప్పుకోవడం తెలుసునని నాకు ఆ రోజే తెలిసింది. పద్ధతి తప్పిన సంగతులు రాసే రిజిస్టరులో చెరువు కోడ్‌ను నా పేరుతో, నా చేత్తోనే రాశాను. మార్కులు తీసేసిన ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్లాం. వైద్యం కావలసినవాళ్లు ఇంకో ఇద్దరు తేలారు. ఫారంలో నిద్ర ప్రశ్న కింద ఖాళీ వదిలి, ఎందుకు మేలుకుంటున్నారో వాళ్ల మాటల్లోనే రాయమన్నాం. తొమ్మిదో ప్రశ్న అరుగు మీద అడగకూడదని కూడా చేర్చాం. ఆ రెండు మార్పులూ ప్రతిపాదించింది హరిత.

ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆలస్యంగా నేర్చుకున్నది ఇది. ఒక ఊళ్లో జనం ఎందుకు నిద్రపోరో తెలిసినంత మాత్రాన, ఎదురుగా కూర్చున్న మనిషి ఎందుకు నిద్రపోవడం లేదో తెలిసినట్టు కాదు. అతన్నే అడగాలి. మంగతాయారుగారు గుమ్మంలో ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే, మా రికార్డుల్లో వీర్రాజుగారు చివరిదాకా ఆరోగ్యవంతులే.